కొలువు యంత్రము, ఇంటి యంత్రము

ఉప్పల్ కూడలి నుండి హబ్సిగూడ మీదుగా తార్నాక వైపునకు సాగిపోవు రాజమార్గమునందు, రెండు మూడు కిలోమీటర్ల లోపలనే, 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, 1977లో అంకురించి 1987లో జాతికి అంకితమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము సీసీఎంబీయు వెలసియున్నవి. ఆ మార్గము మీదుగానే 2017 నవంబరు నుండి మెట్రోరైలు తిరుగుచున్నది. 2019లో ఆ పట్టాలు హైటెక్ సిటీ దాకను, రాయదుర్గము దాకను సాగిన తరువాత, ఉప్పల్, నాచారం, రామంతాపూర్‌లలో కాపురముండి పడమటి దిక్కున కొలువు చేయు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఆ రైలు నిత్యజీవనములో నొక భాగమైపోయినది. ప్రొద్దున్నే వీపున నల్లసంచి తగిలించుకొని ఎక్కుదురు. రాత్రి అదే సంచితో దిగుదురు. ఆ సంచిలోని ల్యాప్‌టాపు కంపెనీది. అందులో విండోసు. ఇల్లు చేరి, కాళ్ళు కడుగుకొని, నాలుగు మెతుకులు తిని, వారిలో కొందరు మరల కూర్చుండునది వేరొక యంత్రము ముందు. అందులో లినక్సు.

ఒకే మనుజుడు, ఒకే విద్య, ఒకే దినము. యంత్రములు రెండు, వానిని నడపు ఆపరేటింగు సిస్టములు రెండు. దీనిని ఇష్టాయిష్టముల వ్యవహారమని త్రోసిపుచ్చవచ్చును గాని, ఆ యువకులను దగ్గర కూర్చుండబెట్టుకొని అడిగి చూచినచో, వారి నోట వేగము, వెల, సౌకర్యము అను మాటల కంటె స్వేచ్ఛ, నిష్ఠ, ద్రోహము, బంధనము అను మాటలే మిక్కుటముగా వెలువడును. కొలువునందు విండోసు వాడుట తమకొక విధమైన రాజీ యనియు, ఇంటనున్నదే తమ నిజమైన యంత్రమనియు వారు చెప్పుదురు. నిజమైనది, రాజీపడినది అని విభజించుట మొదలిడిన క్షణముననే మాట సాంకేతికరంగమును దాటి ధర్మవిచారమున అడుగుపెట్టినది. పగలొక ధర్మము, రాత్రి యొక ధర్మము ఆచరించువాడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడా, లేక ఎక్కడి ధర్మము నక్కడ నెరవేర్చుచున్నవాడా? ప్రశ్న యిది.

ముందుగా కంపెనీ యంత్రమును చూతము. దానిని తెరచుటకు వాడు పాస్‌వర్డు కంపెనీ జాబితాకు కట్టుబడి యున్నది; లోపలి డిస్కు గూఢలిపిలో బంధింపబడి యున్నది; పెన్‌డ్రైవు గ్రుచ్చినచో పలుకదు; చిన్న ప్రోగ్రాము నొకదానిని చేర్చుకొనవలెనన్నను అధికారము లేదు, టికెట్ పెట్టవలెను, పైవాని అనుమతికై వేచియుండవలెను; అప్‌డేట్ ఎప్పుడు రావలెనో, యంత్రమెప్పుడు ఆరి మరల వెలుగవలెనో నిర్ణయించువారు వేరెక్కడనో కూర్చున్నారు; తెరమీది బొమ్మ సైతము కంపెనీ ముద్ర గలదియే. దీనిని చెరసాల యనుట తేలిక. కాని యీ నిర్బంధములలో ఒక్కటియు ఉద్యోగిని హింసించుటకై పుట్టినది కాదు. ఆ యంత్రములో ఏ బ్యాంకు ఖాతాదారుల వివరములో, ఏ ఆసుపత్రి రోగుల చీటీలో ఉండవచ్చును. అవి ఉద్యోగివి కావు, ఆ మాటకు వచ్చినచో కంపెనీవియు కావు. నమ్మి అప్పగించిన పరులవి. ధర్మశాస్త్రకారులు నిక్షేపమని పేర్కొన్న సొమ్ము ఇదియే. నిక్షేపమును కాపాడువాడు తన అభిరుచి ననుసరించి పెట్టె తాళము మార్చరాదు. వేలకొలది యంత్రములు ఒకే తీరున నుండవలెనను పట్టుదల ఇందుండి పుట్టినది. ఆ ఏకరూపత వలన ముప్పు లేదని కాదు: 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన యొక తప్పుడు అప్‌డేట్ వలన ప్రపంచమున దాదాపు 85 లక్షల విండోసు యంత్రములు నీలితెరతో నిలిచిపోగా, మన శంషాబాదు విమానాశ్రయములో చేతితో వ్రాసి యిచ్చిన బోర్డింగు పాసులు పట్టుకొని ప్రయాణికులు విమానమెక్కిరి. ఆనాడు ఆఫీసులలో తెరలు నీలివర్ణమైన ఉద్యోగులను పట్టుకొని, నీ యంత్రమేల ఆగినదని నిలదీసినవారు లేరు. తప్పు వారిది కాదు, కాజాలదు. ఈ సంగతితో ముందు పనియున్నది గనుక పాఠకులు దీనిని మనసున నుంచుకొందురు గాక.

ఇక ఇంటి యంత్రము. నాచారంలో నేనెరిగిన యొక యువకుని గదిలోనిది, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో సెకండ్‌హ్యాండున కొన్న పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాపు. మీట నొక్కగానే నల్లని తెరపై తెల్లని అక్షరములతో, సిస్టమునకు మూలభాగమైన కెర్నెల్‌లలో దేనిని మేలుకొలుపవలెనని యడుగు చిన్న పట్టిక వచ్చును. ఆపై వందల పంక్తులు గబగబ పైకి ప్రాకిపోవుచు, లోపల ఏయే భాగము ఎప్పుడు లేచినదో, ఏది లేవక మొరాయించినదో చెప్పుచుండును. అధికారముతో కూడిన పని యేదేని చేయదలచినపుడు సుడో అను మాట ముందు చేర్చవలెను. పాస్‌వర్డు కొట్టునపుడు చుక్కగాని నక్షత్రముగాని తెరపై కానరాదు. కొన్ని రకముల లినక్సులో మొదటిసారి ఆ మాట వాడినవానికి యంత్రము మూడు హితవులు చెప్పును: ఇతరుల గోప్యతను మన్నింపవలెననియు, కొట్టుటకు ముందు ఆలోచింపవలెననియు, అధికారము వెంట బాధ్యతయు వచ్చుననియు. ఒడుగునాటి ఉపదేశము వలె నున్నదే యని నేను నవ్వితిని. నేను పోయిన రాత్రి అతడు కొత్త కెర్నెల్ ఎక్కించగా డిస్‌ప్లే డ్రైవరు పొసగక తెర నల్లబడినది. అతడు కంట్రోలు, ఆల్టు, ఎఫ్‌3 మీటలు కలిపి నొక్కి, అక్షరములు మాత్రమే గల వేరొక తెరను తెచ్చుకొని, లాగ్‌లు చదివి, పాత కెర్నెల్‌తో మరల లేపి, ఒంటిగంట దాటిన తరువాత గాని తల యెత్తలేదు.

"పగలంతా ఇదే పని, రాత్రి కూడా ఇదేనా నాయనా? ఇందులో సుఖమేమిటి?" అంటిని.

"సుఖం కాదు సార్. ఇక్కడ చెడగొట్టిందీ నేనే, బాగుచేసుకోవాల్సిందీ నేనే. ఆఫీసులో ఏదన్నా ఆగిపోతే టికెట్ పెట్టి చాయ్ తాగుతూ కూర్చుంటాం" అన్నాడు.

చాయ్ సంగతి అందరికిని తెలిసినదే. ముందు మాటలోనే తత్త్వమున్నది.

విండోసు దాస్యము, లినక్సు మోక్షము అని యిక్కడ తొందరపడి సమీకరణము చేయువారున్నారు. ఉప్పల్ మార్గము ఆ సమీకరణమును నిలువనీయదు. భూకంప తరంగముల గణనమునకును, జన్యుక్రమముల విశ్లేషణకును ప్రపంచమంతట వాడు సాఫ్ట్‌వేరు చాలవరకు యూనిక్సు వంశమునందు పుట్టినది. ప్రపంచములోని 500 మహాగణకముల జాబితాలో 2017 నవంబరు నుండి ప్రతి యంత్రమును లినక్సు మీదనే నడుచుచున్నది. అట్టి శాస్త్రములలో పనిచేయువానికి నల్లని టెర్మినల్ తెరయే కొలువు, అదియే జీతము, అదియే పై అధికారి మాట. అతడు ఇంటికి వచ్చి పిల్లల ఆటలకును, తన వినోదమునకును విండోసు తెరచుకొన్నచో వింతయేమున్నది? ఇటు నాచారం పారిశ్రామికవాడలో లెక్కలు వ్రాయు గుమాస్తా టాలీ లేనిదే పూట గడవనివాడు, టాలీ విండోసు మీద గాని నడువదు. కొన్ని వర్క్‌షాపులలో యంత్రమునకు తగిలించిన కంప్యూటరు, 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్టు చేయి విడిచిన విండోసు ఎక్స్‌పీతోనే నేటికిని నెట్టుకువచ్చుచున్నది. దానిని మార్చినచో మిషనే మూలబడును. పెండ్లిపత్రికలు కూర్చు డీటీపీవాడు అనూ ఫాంట్లు, పేజ్‌మేకరు పట్టుకొని విండోసును వదలలేడు. వీరిలో ఒకనికి కొలువైనది వేరొకనికి ఇంటి వేడుక. ఒకనికి సంకెల యైనది వేరొకనికి విడుదల. కావున భేదము ఆ వ్యవస్థల స్వభావమున లేదు, వానితో మనుజునికి గల సంబంధమున నున్నది.

కొలువునకొక యంత్రము, ఇంటికొక యంత్రము అను ఈ ప్రశ్నయే క్రొత్తది యనవలెను. నాచారమునకు దాపుననే కుషాయిగూడలో 1967లో ఏ.ఎస్. రావుగారి దక్షతతో మొదలైన ఈసీఐఎల్ అను ఎలక్ట్రానిక్సు సంస్థ, ట్రాంబే అణుశక్తి కేంద్రమున రూపొందిన నమూనాను తీసికొని 1969లో టీడీసీ-12 అను గణకయంత్రమును తయారుచేసినది. ఆనాటి యంత్రము బీరువాలంత. అది సంస్థలకు దక్కినదే గాని సంసారులకు దక్కునది కాదు. దానిని కట్టినవారు సాయంకాలము ఇంటికి పోయి ఏ సిస్టము వాడవలెనని తర్కించుకొనుట యన్నది లేదు. ఇంట యంత్రమే లేదు గదా. యంత్రము చౌకయై బల్లమీదికి వచ్చిన తరువాతనే ఇంటి యంత్రమునకు వేరొక ధర్మము పుట్టినది.

ఆ ధర్మమునకు మతమువంటి రూపమేల వచ్చినదని విచారింపగా ఇద్దరు మనుష్యులు కనబడుదురు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్, ఎల్లరును స్వేచ్ఛగా వాడి దిద్దుకొనదగిన ఆపరేటింగు సిస్టమును నిర్మించు గ్నూ ప్రణాళికను ప్రకటించెను. సాఫ్ట్‌వేరు మూలమును దాచుట తప్పు అని అతని సిద్ధాంతము. అసౌకర్యమని కాదు, ఖరీదని కాదు, తప్పు అని. అతడు పరిహాసమునకు శిరస్సుచుట్టు ప్రభామండలము ధరించి సాధువేషము కట్టిన సందర్భములు కలవు గాని, వేషము వెనుకనున్న మాట పరిహాసము కాదు. 1991లో లినక్సు కెర్నెల్ వ్రాసి బయలుపరచిన లీనస్ టోర్వాల్డ్స్ స్వభావము వేరు: పని బాగుగా జరుగవలెను, నలుగురు చూచి దిద్దినచో బాగుగా జరుగును, అంతియే. 1994లో ఉంబెర్తో ఎకో అను ఇటలీ రచయిత, మ్యాకింటాషును కాథలిక్కు మతముతోను, విండోసునకు ముందటి డాసును ప్రొటెస్టంటు మతముతోను పోల్చి వేడుకగా వ్రాసినప్పుడు ప్రపంచము నవ్వినది. అతని పోలిక రెండు కంపెనీల సరకులకు సంబంధించినది. స్టాల్‌మన్, టోర్వాల్డ్సుల భేదము అంతకంటె లోతైనది, ఏలయన ఒకనిది ధర్మము, వేరొకనిది నేర్పు. నేనెరిగిన లినక్సు ప్రియులలో నూటికి తొంబదిమంది స్టాల్‌మన్ భాష మాటలాడి టోర్వాల్డ్స్ బ్రతుకు బ్రతుకుచున్నవారే. అది నేరమని నేననను. కాని మాటకును నడతకును ఎడమున్నదని వారెరుగుట మంచిది.

స్టాల్‌మన్ మాటయే ప్రమాణమైనచో, పగటి కొలువు పాపమగును. ఆ పాపమునకు మనవారు రెండు సమాధానములు చెప్పుదురు. మొదటిది పొట్టకూటి కొరకు తప్పదనుట. ఆపద్ధర్మమును శాంతిపర్వము విస్తరించి చెప్పినది కరవు కాటకములలో ప్రాణము నిలుపుకొనువాని కొరకు; చల్లని గదిలో కూర్చుండి, నెల తిరుగగానే జీతము, ఏడు తిరుగగానే ఇంక్రిమెంటు పుచ్చుకొనువాడు దానిని పేర్కొనుట ఆ శబ్దమునకు అవమానము. రెండవది యింకను గంభీరముగా వినబడును: విండోసు వ్యావహారికము, లినక్సు పారమార్థికము అని. శంకరుల మాట నిట్లు వాడుట సులభము, వాడిన కొలది తప్పు. అద్వైతమునందు పై సత్యము తెలిసినపుడు క్రింది సత్యము బాధితమగును; త్రాడని తెలిసిన పిదప పాము నిలువదు. లినక్సు నేర్చినంత మాత్రమున విండోసు మిథ్యయై కరగిపోయిన దాఖలా లేదు. మరునాడు తొమ్మిదింటికి అది సంచిలోనే యున్నది.

భారతములో అరణ్యపర్వమునందు ధర్మవ్యాధుని కథ కలదు. కౌశికుడను బ్రాహ్మణుడు, తన చూపుతో కొంగను దహించిన తపోగర్వముతో నుండగా, ఒక గృహిణి అతని గర్వమును గుర్తించి, ధర్మము తెలియవలెనన్నచో మిథిలకు పొమ్మన్నది. పోయి చూచినచో ఆ ధర్మజ్ఞుడు మాంసపు దుకాణమున కూర్చుండి తూచుచున్నాడు. కౌశికునికి కలిగిన సంకోచమే ఈ వ్యాసమునందలి సంకోచము: ఇంతటి జ్ఞాని ఇట్టి కొలువున నేల యున్నాడు? వ్యాధుడు దుకాణమును దాచలేదు, దానికై సిగ్గుపడలేదు, దానిని పొగడను లేదు. తాను స్వయముగా చంపననియు, ఇతరులు తెచ్చినదే విక్రయింతుననియు, తాను మాత్రము మాంసము తినననియు చెప్పెను. పిదప కౌశికుని తన యింటికి తీసికొనిపోయి వృద్ధులైన తల్లిదండ్రులను చూపి, నా దైవములు వీరే యనెను.

ఇందులో గమనింపదగినది, అతని వ్రతమెంతవరకో ఆతడే గీత గీసికొనుట. మాంసము తిననిది తన నోటి వరకే. కొనవచ్చినవానికి ఉపన్యాసమీయలేదు, తూకమున మోసము చేయలేదు. ఇంటి దైవమును దుకాణమునకు తేలేదు, దుకాణపు తక్కెడను పూజలో పెట్టలేదు. మన లినక్సు భక్తులలో కొందరికి ఈ గీత తెలియదు. పండుగకు అత్తవారింటికి పోయి, మామగారి కంప్యూటరులో అడుగకయే ఉబుంటు ఎక్కించి వచ్చిన యొక అల్లుని నేనెరుగుదును; పాపమా పెద్దమనిషి నెలాఖరున టాలీ కానరాక తల పట్టుకొనెను. "అల్లుడుగారూ, నా లెక్కలెక్కడ పెట్టారండీ?" అని ఆయన ఫోనులో అడిగిన తీరును తలచుకొన్నచో నాకిప్పటికిని నవ్వును జాలియు కలుగును.

అయితే వ్యాధునికి కొలువు పుట్టుకతో వచ్చినది, మన యువకుడు ఇంటర్వ్యూకు పోయి తెచ్చుకొన్నాడు. అందుచేత ఇంకొక సాక్ష్యము కావలెను. నెల్లూరున మనుమసిద్ధి కొలువులోనున్న తిక్కన, నిర్వచనోత్తర రామాయణమును ఆ రాజునకే అంకితమిచ్చెను. విరాటపర్వము మొదలు పదునైదు పర్వముల భారతమును హరిహరనాథునకు అంకితమిచ్చెను. చేయి ఒక్కటే, గంటమొక్కటే. రాజునకిచ్చినది కాపట్యముతో ఇచ్చినాడని గాని, దేవునికిచ్చిన పిదప మొదటిది వ్యర్థమని విచారించినాడని గాని ఎవరును చెప్పలేదు. కొలువు తన వంతు పుచ్చుకొన్నది. తన జీవితకాలపు మహాకార్యమును మాత్రము, మనుష్యులెవరును ఆజ్ఞాపింపజాలని చోటునకు అతడు తీసికొనిపోయినాడు.

మన ఊరిలోనే యిటీవలి సాక్ష్యమున్నది. నైజాము రాజ్యమున కచేరీ వ్యవహారము మొదట పారసీకమునను, పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకముల నుండి ఉర్దూలోను నడచినది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. పగలు ఉర్దూలో దస్తావేజులు వ్రాసి, వాదములు వాదించిన తెలుగువారికి తమ భాషకై యొక చోటు కావలసి, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది. దానికి పూనుకొన్నవారిలో కొమర్రాజు లక్ష్మణరావుగారు కొలువు రీత్యా మునగాల సంస్థానపు దివాను. తాను ఎంచుకొన్న పని తెలుగు విజ్ఞాన సర్వస్వము. హైకోర్టు వకీలైన బూర్గుల రామకృష్ణారావుగారికి ఉర్దూ పారసీకములపై ద్వేషము లేకపోవుటయే గాక పాండిత్యమును ప్రీతియు నుండెను, తెలుగుపై అభిమానము వాని వలన తరుగలేదు. కొలువు భాషను తిట్టినందువలన ఇంటి భాష బాగుపడదు. బాగుపడినది నిలయమునకు పోయి కూర్చుండి పనిచేసినందువలన. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెత ఉండనే యున్నది. రాత్రి థింక్‌ప్యాడు మీద నేర్చిన నేర్పు మరునాడు కంపెనీ సర్వరు ఆగినపుడు అక్కరకు వచ్చుట నేను పలుమార్లు విన్నదే.

ఇప్పుడు వైరమే మాసిపోవుచున్నదని మీరనవచ్చును. 2001లో మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బామర్ లినక్సును క్యాన్సరుతో పోల్చెను. 2014 ఫిబ్రవరిలో ఆ పీఠమునెక్కిన సత్య నాదెళ్ల మన హైదరాబాదు బిడ్డ. ఆ యేడే లినక్సు మాకు ప్రియమని ప్రకటించెను. 2016 నుండి విండోసులోనే లినక్సు ప్రోగ్రాములు నడుపు సదుపాయము వచ్చినది, 2019లో అచ్చమైన లినక్సు కెర్నెల్‌నే అందులో కూర్చబోవుచున్నామని ఆ సంస్థ ప్రకటించినది. హరియు హరుడును ఒక్కటైన రూపముగా తిక్కన కొలిచిన హరిహరనాథుడు ఇట్టివాడే యని భక్తులు మురియవచ్చును. లాభము లేనిదే వర్తకుడు వరదన పోడను సామెత నెరిగినవారు మౌనముగా నుండవచ్చును. నాకు కావలసినది వేరు. నాచారపు యువకుని కంపెనీ ల్యాప్‌టాపులో ఈ సదుపాయము ఉన్నది. అతడు పగలు దానిని వాడుచునే యున్నాడు. కోరినది లినక్సే అయినచో ఇక ఇంటి యంత్రముతో పని లేదు. అయినను రాత్రి ఆ పాత పెట్టెనే తెరచుచున్నాడు. ఏలయనగా కంపెనీ లినక్సు ఆగినచో టికెట్ పెట్టవచ్చును. 2024 జులై నాటి నీలితెర వలెనే ఆ తప్పును అతనిది కాజాలదు. తన తప్పు తనది కాగల చోటు అతనికి ఇల్లొక్కటే. మనుజుడు కర్త యగుటకు సొంతమైన తప్పు ఒకటి కావలెను. పరుల సొమ్మును కాపాడు చోట తప్పు చేయు హక్కు లేదు గనుక కర్తృత్వమును లేదు. రెండు యంత్రముల రహస్యమిదియే యని నా నమ్మకము. ఇది కపటము కాదు.

అయితే ఇంతటితో ఆ యువకుని విడిచిపెట్టజాలను. కొలువు యంత్రమునకు కంపెనీ లైసెన్సు వెల చెల్లించినది, అతని శ్రమకు జీతము చెల్లించినది. అక్కడ బాకీ లేదు. ఇంటి యంత్రములోని లినక్సునకు అతడు ఏమియు చెల్లించలేదు. వేలమంది ఎక్కడెక్కడివారో వ్రాసి యిచ్చినదానిని ఉచితముగా దించుకొని వాడుచున్నాడు. దేవఋణము, పితృఋణములతో పాటు పెద్దలు ఋషిఋణమని చెప్పినది ఇట్టిదే: విద్యను పుచ్చుకొన్నవాడు దానిని పెంచి మరొకనికి అందించుట వలన గాని అది తీరదు. రాత్రుల తరబడి తన యంత్రమును అలంకరించుకొనుట, రంగులు మార్చుట, ఈ లినక్సు నుండి ఆ లినక్సునకు గంతులు వేయుట ఆ ఋణమున పైసయు తీర్చవు.

తీర్చు మార్గము దగ్గరనే యున్నది. గ్నోమ్, లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వంటివి తెలుగులో కనబడుటకు వానిలోని మాటలను ఒక్కొక్కటిగా ఎవరో కూర్చుండి తెనిగింపవలెను. స్వేచ్ఛ అను సంస్థ చాలకాలముగా ఈ పనిలో పాటుపడుచున్నను, మెనూ తెరచిన చోటెల్ల సగము తెలుగు, సగము ఇంగ్లీషు కనబడుట మానలేదు. ఉప్పల్, నాచారం యువకులారా, ఆదివారమున ఒక గంట దీనికిండు. కాని భద్రాచలములో గుడి కట్టిన కంచర్ల గోపన్నను గోల్కొండ ప్రభుత్వము చెరబెట్టినది రామభక్తికై కాదు, సర్కారు పైకము వెచ్చించినందుకని జ్ఞాపకముంచుకొనుడు. కంపెనీ గంటలలో గాక, కంపెనీ ల్యాప్‌టాపు మీద గాక, మీ ఇంటి యంత్రము మీదనే చేయుడు. బయటి పనిని గూర్చి మీ ఉద్యోగపు ఒప్పందములో ఏమి వ్రాసియున్నదో ముందుగా చదివి, అవసరమైనచో వ్రాతపూర్వకముగా అనుమతి తీసికొనుడు.